అత్తయ్య మోకాళ్ళు, వేల ఏళ్ళ కథ

కిందటి కార్తీక మాసంలో ఒక రోజు వంటింట్లో నిలబడి మా అక్కతో ఫోన్లో ఒక మాట అన్నాను. "గుడికి వెళ్ళేటప్పుడు లేని మోకాళ్ళ నొప్పి, కింద కూచుని నాలుగు చిక్కుడుకాయలు ఒలవమంటే వచ్చేస్తుందే!" అని. నవ్వుతూనే అన్నాను. వెనక్కి తిరిగేసరికి అత్తయ్య గుమ్మం దగ్గర ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. విన్నారో లేదో నాకు తెలియలేదు. ఆవిడ ఏమీ అనలేదు. నీళ్ళు తాగి, గోడ పట్టుకుని మెల్లగా తన గదిలోకి వెళ్ళిపోయారు.

సంక్రాంతి వెళ్ళాక నొప్పి ఎక్కువైతే ఎక్స్-రే తీయించాం. డాక్టరుగారు ఫిల్ము లైటుకి ఎదురుగా పెట్టి, "గుజ్జు మొత్తం అరిగిపోయిందమ్మా, కుడి మోకాల్లో ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి" అన్నారు. ఆ తరవాత నేను అడక్కుండానే ఇంకో మాట చెప్పారు. "ఈవిడ చదునైన చోట కాస్త దూరం నడవగలరు. కింద కూచుని లేవడం, మెట్లు దిగడం మాత్రం నరకం. మోకాలు బాగా ముడిచినప్పుడు దాని మీద పడే ఒత్తిడి వేరు." మా వీధి చివరి రామాలయానికి ఒక్క మెట్టు కూడా లేదు. దారంతా సిమెంటు రోడ్డే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రాత్రి నుంచి ఈ గుజ్జు సంగతేమిటో చదవడం మొదలుపెట్టాను. మీలో చాలామంది ఇళ్ళల్లో అత్తగారికో అమ్మకో ఇదే బాధ ఉండి ఉంటుంది. అందుకే నేను తెలుసుకున్నది మీతో చెప్పుకుంటున్నాను.

మనం గుజ్జు అంటాం గానీ అది మెత్తటి ముద్దలాంటిది కాదు. మాంసం వండే ఇళ్ళల్లో అందరూ చూసే ఉంటారు, కోడికాలు ఎముక చివర తెల్లగా, నున్నగా, పళ్ళ కింద కరకరలాడే పొర ఉంటుంది. అదే. పుస్తకాల్లో మృదులాస్థి అంటారు. మన మోకాల్లో చాలాచోట్ల దాని మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు, అంతే. అందులో ముప్పాతిక వంతు దాకా నీరే. ఆ నీటిని పట్టి ఉంచే వలలాంటి పీచు, అక్కడక్కడా కొద్దిపాటి జీవకణాలు. రెండు ఎముకలు దాని మీద మంచు మీద కన్నా నున్నగా జారతాయి.

దీనికి రెండు లోపాలున్నాయి. ఒకటి, ఇందులో నరాలు లేవు. అందుకని అరుగుతున్నప్పుడు నొప్పి తెలియదు. తెలిసేది పక్కనున్న ఎముకకి, చుట్టూ ఉన్న పొరకి దెబ్బ తగిలాకే. అప్పటికే ఆలస్యం అయిపోతుంది. రెండోది, ఇందులో రక్తనాళాలు లేవు. చెయ్యి కోసుకుంటే రక్తం వచ్చి, పెచ్చు కట్టి మానుతుంది. దీనికి ఆ భాగ్యం లేదు. దీని తిండి అంతా కీలు మధ్య ఉండే జిగట ద్రవం నుంచే. అడుగు వేసినప్పుడు ఒత్తుకుని నీరు వదులుతుంది, కాలు ఎత్తినప్పుడు మళ్ళీ పీల్చుకుంటుంది, మనం గిన్నెలు తోమే స్పాంజీలాగా. కదలిక ఉంటేనే దానికి భోజనం.

ఇది మనవాళ్ళకి చాలాకాలం క్రితమే లీలగా తెలుసు. సుశ్రుత సంహితలో కీళ్ళ గురించి చెబుతూ, నూనె పట్టించిన ఇరుసు మీద చక్రం ఎలా సాఫీగా తిరుగుతుందో, శ్లేష్మం ఉన్న కీళ్ళు అలా పనిచేస్తాయని పోలిక చెప్పారు. అది చదవగానే నాకు మా తాతగారి ఎడ్లబండి గుర్తొచ్చింది. ఊరు దాటే ముందు ఇరుసుకి కందెన పెట్టేవారు. మరిచిపోతే బండి దారిపొడుగునా కీచుమని ఏడ్చేది. ఆ ఏడుపు విని తాతగారు బండి ఆపేవారు. మనిషి మోకాలికి అలా ఏడవడం రాదు, అదీ తేడా.

అరిగిన కీళ్ళు మనుషులకి ఎప్పటినుంచి ఉన్నాయో చూస్తే ఆశ్చర్యం వేసింది. సిరియాలో యూఫ్రటీస్ నది ఒడ్డున అబూ హురేరా అనే చోట వేల ఏళ్ళ నాటి పల్లె ఒకటి ఉండేది. వ్యవసాయం నేర్చుకున్న తొలి ఊళ్ళలో అది ఒకటి. ఆనకట్ట కడితే మునిగిపోతుందని 1972, 1973లలో హడావిడిగా తవ్వారు. అక్కడ దొరికిన ఎముకల్ని లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో థియా మోలెసన్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి పరిశీలించారు. కొన్ని అస్థిపంజరాల్లో కాలి బొటనవేలి కీలు అరిగిపోయి ఉంది, మోకాళ్ళలో ఎముక అదనంగా పెరిగి ఉంది, నడుం దగ్గర వెన్నుపూసలు దెబ్బతిని ఉన్నాయి. ఏం పని చేస్తే ఇవన్నీ ఒకే మనిషికి వస్తాయి?

ఆవిడకి దొరికిన జవాబు ధాన్యం నూరడం. నేల మీద మోకాళ్ళూనుకుని, కాలివేళ్ళు వెనక్కి మడిచి, మన సన్నికల్లు లాంటి రాతి మీద ఇంకో రాయితో ముందుకీ వెనక్కీ గంటల తరబడి నూరడం. ఆ గుర్తులు ఎక్కువగా కనిపించింది ఆడవాళ్ళ ఎముకల్లోనే. ఆ ఊరివాళ్ళు రాతలేమీ మిగల్చలేదు. ఆ ఆడవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ళు రోజూ ఏం పని చేశారో మాత్రం వాళ్ళ మోకాళ్ళే చెప్పాయి. అత్తయ్య కోనసీమలో పదిమంది ఉన్న ఇంటికి పదహారో ఏట కోడలిగా వచ్చారు. రుబ్బురోలు, తిరగలి, బావి దగ్గర గొంతుక్కూచుని బట్టలు ఉతకడం, అన్నీ ఆవిడవే. ఎవరూ రాసిపెట్టలేదు. ఆ ఎక్స్-రే చూశాకే నాకు ఆ లెక్క తట్టింది.

ఇక వైద్యం సంగతి. 1743లో లండన్‌లో విలియం హంటర్ అనే పాతికేళ్ళ స్కాట్లండ్ వైద్యుడు రాయల్ సొసైటీకి ఒక వ్యాసం ఇచ్చాడు. కీళ్ళ మృదులాస్థి నిర్మాణం, దాని జబ్బులు అందులో విషయం. ముఖమల్ గుడ్డలో నూలు నిలబడి ఉన్నట్టు ఆ పొరలో పీచు నిలువుగా ఉంటుందని వర్ణించాడు. ఒకసారి పాడైతే అది మళ్ళీ బాగుపడదని, గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ కాలం నుంచీ వైద్యులందరిదీ ఇదే అనుభవమనీ రాశాడు. ఆ మాట రాసి రెండువందల ఎనభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ పూర్తిగా తప్పని తేల్చినవాళ్ళు లేరు.

బాగుచేయలేకపోతే మార్చేద్దాం అనుకున్నవాళ్ళు వచ్చారు. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లీస్ గ్లక్ అనే సర్జన్, క్షయ సోకి పాడైన మోకాలి స్థానంలో ఏనుగు దంతంతో చేసిన మడతబందు లాంటి కీలు పెట్టాడు. కానీ క్షయ ఉన్న కీళ్ళలో చీము పట్టి ఆ ప్రయత్నాలు నిలబడలేదు.

తరవాతి కథలో ఒక ఇల్లాలు ఉంది, అందుకే నాకు బాగా నచ్చింది. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర జాన్ చార్న్లీ అనే సర్జన్ దగ్గరికి 1950ల తొలినాళ్ళలో ఒకాయన వచ్చాడట. ఆయన తుంటిలో ప్లాస్టిక్ బంతి పెట్టి ఉంది. భోజనాల బల్ల దగ్గర ముందుకు వంగినప్పుడల్లా అది కీచుమనేది. ఆ చప్పుడు భరించలేక ఆయన భార్య గదిలోంచి లేచి వెళ్ళిపోయేదట. అక్కడే చార్న్లీకి అనుమానం వచ్చింది, అసలు దేవుడిచ్చిన కీలు ఎందుకు కీచుమనదు అని. రాపిడి మీద పరిశోధన మొదలైంది. టెఫ్లాన్, అంటే మన అంటుకోని పెనాల మీద ఉండే పూత, దాంతో తుంటి గిన్నె చేసి దాదాపు మూడువందలమందికి పెట్టాడు. మొదట అద్భుతంగా ఉంది. మూడు నాలుగేళ్ళకి అరిగిపోయి, చుట్టూ వాపులు వచ్చాయి. తన రోగులకి తానే మళ్ళీ ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. ఆ టెఫ్లాన్ ముక్కలు శరీరాన్ని ఏం చేస్తాయో చూడటానికి తన తొడలోనే పెట్టించుకున్నాడు.

1962లో ఒక ప్లాస్టిక్ అమ్మకందారు గట్టి పాలిథిలిన్ ముక్క తెచ్చాడు. చార్న్లీ గోరుతో గీకి చూసి పనికిరాదని పక్కన పడేశాడు. ఆయన ఊళ్ళో లేనప్పుడు, ఆయన దగ్గర పనిచేసే హ్యారీ క్రేవెన్ అనే సాంకేతిక సహాయకుడు దాన్ని అరగదీసే యంత్రం మీద పెట్టి తిప్పుతూనే ఉన్నాడు. చార్న్లీ తిరిగొచ్చి చూస్తే అది అరగనే లేదు! ఆ ఏడాది నవంబరు నుంచి అదే వాడటం మొదలుపెట్టాడు. ఇవాళ్టి తుంటి, మోకాలి మార్పిడులన్నిటికీ అదే పునాది.

ఆ ఆసుపత్రిలోనే ఫ్రాంక్ గన్‌స్టన్ అనే కెనడా డాక్టరు 1968లో లోహం, ప్లాస్టిక్ కలిపిన మోకాలు పెట్టాడు. దాని మీద పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా చేసుకోవచ్చన్నాడు. 1974లో న్యూయార్కులో జాన్ ఇన్సాల్, మన దేశం నుంచి వెళ్ళిన చిత్తరంజన్ సింగ్ రణావత్, పీటర్ వాకర్ కలిసి తయారుచేసిన మోకాలు వచ్చింది. ఇవాళ వాడేవి చాలావరకు దాని పిల్లలే. ఆ రణావత్ గారే 2000లో ముంబయి వచ్చి అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారి ఎడమ మోకాలు, మరుసటి ఏడు కుడి మోకాలు మార్చారు. ఆ వార్తలు మనందరికీ గుర్తే. మోకాలు మార్చుకుంటే మంచాన పడిపోతారన్న భయం చాలా ఇళ్ళల్లో అప్పుడే కొంత తగ్గింది.

మరి మార్చకుండా బాగుచేసే దారి? దానికి జంతువులు చాలా రుణం పెట్టాయి మన మీద. కీలులో జిగట ద్రవానికి ముఖ్యమైన హయాల్యురోనిక్ ఆమ్లాన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంట్లో నుంచి వేరు చేశారు. ఎండ్రె బలాజ్ అనే శాస్త్రవేత్త దాన్ని కోడిపుంజు తలమీది ఎర్రటి తురాయి నుంచి శుద్ధిచేసి తీశాడు. మొదట కుంటుతున్న పందెం గుర్రాల కీళ్ళలోకి ఎక్కించి చూశారు, ఆ ఫలితాలు 1970లో అచ్చయ్యాయి. 1997లో అమెరికాలో మనుషుల మోకాళ్ళకి అనుమతి వచ్చింది. ఇదంతా అత్తయ్యకి చదివి వినిపిస్తే, "సంక్రాంతికి పందెంలో దూకే పుంజు తురాయి నా మోకాల్లో పెడతారుటే!" అని చాలా రోజుల తరవాత నవ్వారు. మా చుట్టాలావిడ అదే సూది వేయించమని పట్టుబట్టింది గానీ, ఇంత అరిగాక దానివల్ల లాభం లేదన్నారు డాక్టరుగారు. అందరికీ మామూలుగా ఇవ్వక్కర్లేదని కొన్ని వైద్య సంఘాలు కూడా చెబుతున్నాయి.

స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ డాక్టర్లు, ముందు కుందేళ్ళ మీద ప్రయోగాలయ్యాక, మనిషి సొంత మృదులాస్థి కణాల్ని కొద్దిగా తీసి, బయట పెంచి, మళ్ళీ మోకాల్లో నాటడం 1987లో మొదలుపెట్టారు. 1994లో 23 మంది ఫలితాలు ప్రకటించారు. తొడ ఎముక చివర నాటిన 16 మందిలో 14 మందికి బాగుంది. హంటర్ మాటకి తొలిసారి గట్టి ఎదురుదెబ్బ అది. అయితే అది దెబ్బ తగిలి ఒకచోట చిల్లు పడ్డ పడుచువాళ్ళ మోకాళ్ళకి. నేలంతా అరిగిన ఇంటికి ఒక బండ మార్చినంత మాత్రాన సరిపోదు కదా.

మందుల షాపుల్లో అమ్మే గ్లూకోసమైన్ బిళ్ళల సంగతి కూడా చెప్పాలి. రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీస్తారు దాన్ని. 2006లో అమెరికాలో 1,583 మందిపై చేసిన పెద్ద పరీక్షలో, మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి బిళ్ళ కన్నా అది మెరుగని తేలలేదు. మా ఇంట్లో రెండేళ్ళు కొన్నాం.

ఇన్ని చదివాక నన్ను నిజంగా పట్టుకున్న కథ ఇంకోటి. 1908లో ఫ్రాన్స్‌లోని లా షపెల్ ఓ సాంత్ అనే ఊరి గుహలో నియాండర్తల్ మనిషి అస్థిపంజరం దొరికింది. దాదాపు యాభై వేల ఏళ్ళ నాటిది. పళ్ళు చాలావరకు ఊడిపోయిన పెద్దాయన. మార్సెలాన్ బూల్ అనే గొప్ప పండితుడు దాన్ని పరీక్షించి, 1911 నుంచి పెద్ద గ్రంథం వెలువరించాడు. ఈ జాతి మనుషులు మోకాళ్ళు వంచి, తల ముందుకు వాల్చి, పశువుల్లా నడిచేవారని తేల్చాడు. బొమ్మల్లో, బడి పుస్తకాల్లో వాళ్ళు అలాగే వంగిపోయి నిలిచారు. 1957లో స్ట్రాస్, కేవ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ఎముకలు మళ్ళీ చూశారు. ఆయన మెడలో, వెన్నులో, తుంటిలో కీళ్ళవాతం తీవ్రంగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న నియాండర్తల్‌కి స్నానం చేయించి, బట్టలు తొడిగి న్యూయార్కు రైలెక్కిస్తే ఎవరూ వింతగా చూడరన్నారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ ఎముకల్లో జబ్బు గుర్తుల్ని బూల్ కూడా చూశాడు. చూసినా, వీళ్ళు మనకన్నా తక్కువవాళ్ళన్న అభిప్రాయం ముందే మనసులో ఉండబట్టి వంకర అంతా జాతికి అంటగట్టాడని తరవాతి పండితులు అన్నారు. అది చదివాక చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను. అత్తయ్య గోడ పట్టుకుని నడవడం నేనూ రోజూ చూశాను. ఈవిడకి పని తప్పించుకునే గుణం ఉందని ముందే అనుకున్నాను కాబట్టి, నాకు గోడ కనబడింది గానీ మోకాలు కనబడలేదు.

ఆపరేషన్ అంటే ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "డెబ్బై దాటిన దాన్ని, నాకెందుకమ్మాయ్ ఇంత ఖర్చు? పిల్లల చదువులకి ఉంచండి" అన్నారు. మావయ్యగారికి కంటి ఆపరేషన్ అన్నప్పుడు ఈ మాట ఇంట్లో ఎవరికీ రాలేదు, ఆయనకీ రాలేదు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి పరికరాల ధరలకి పరిమితి పెట్టింది. సగటున లక్షా 58 వేలకి అమ్మే కోబాల్ట్ క్రోమియం మోకాలు 54,720 రూపాయలకి దిగింది, జీఎస్టీ అదనం. ఆసుపత్రి ఖర్చు వేరే ఉంటుందనుకోండి. ఆ లెక్కలన్నీ కాగితం మీద రాసి చూపించి, ఫాల్గుణంలో కుడి మోకాలు చేయించాం. మొదటి నెల చాలా కష్టపడ్డారు. కాలు వంచే వ్యాయామం దగ్గర ఏడ్చేవారు, నేను పక్కన కూచుని అంకెలు లెక్కపెట్టేదాన్ని.

నలభైలు దాటిన మనకి ఒక్క మాట. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి ఆడవాళ్ళని గమనించిన పరిశోధన 1992లో వచ్చింది. పదేళ్ళలో సుమారు ఐదు కిలోలు తగ్గినవాళ్ళకి మోకాలి కీళ్ళనొప్పి ముప్పు సగానికి పైగా తగ్గింది. అలాగని కాళ్ళు కదపకుండా దాచుకోవడం కూడా మంచిది కాదు. 2017లో అమెరికాలో రెండున్నర వేలకు పైగా అస్థిపంజరాల్ని పరీక్షిస్తే, వేటాడుకుని, పొలం దున్నుకుని బతికిన పాతకాలంవాళ్ళలో మోకాలి అరుగుదల 8 శాతం, ఇటీవలివాళ్ళలో 16 శాతం ఉంది. వయసు, బరువు లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. మనం తక్కువ కదలడం ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకుల అనుమానం. నడవండి, తొడ కండరాలు గట్టిపరిచే వ్యాయామం చేయండి. ఇంట్లో ఎవరైనా కుర్చీ అడిగితే, ఎందుకని కాస్త ఆగి చూడండి.

మొన్న ఆషాఢంలో వాన పడుతుంటే వరండాలో కూచున్నాం, ఆవిడ కుర్చీలో, నేను మెట్టు మీద. ఆ ఫ్రాన్స్ పెద్దాయన కథ చెప్పాను. యాభై వేల ఏళ్ళ తరవాత కూడా ఆయన నొప్పిని గుణమని రాసిన సంగతి, ఆ తప్పు దిద్దడానికి మళ్ళీ యాభై ఏళ్ళు పట్టిన సంగతి. చివర్లో, "అత్తయ్యా, కార్తీకంలో ఒకరోజు ఫోన్లో నేను..." అని ఆగిపోయాను.

అత్తయ్య వాన కేసి చూస్తూనే అన్నారు. "వాళ్ళకి యాభై ఏళ్ళు పట్టిందంటున్నావుగా. నీకు ఎనిమిది నెలలే కదమ్మాయ్. పోనీలే, లే, టీ పెట్టుకుందాం" అని నాకన్నా ముందు తనే లేచారు.